నెల్లూరు తీరపుటడవులు - గాలినీటి లెక్కలు

పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ, ఇసుకదిబ్బలమీద నిలిచియున్న సన్నని భూభాగము శ్రీహరికోట. 2022లో జిల్లాల యేర్పాటు మారినప్పుడు అది తిరుపతి జిల్లాలో చేరినది. అంతకుముందు నెల్లూరు జిల్లాలోనిదే కావున, ఈ ప్రసంగములో దానిని నెల్లూరు తీరముగానే లెక్కించుచున్నాను. ఇప్పుడు శ్రీహరికోట యనగానే అందరికిని తోచునది ఆకాశమున కెగయు రాకెట్టు. నేను చెప్పబోవునది ఆ రాకెట్టునకు చుట్టును నిలిచియున్న అడవిని గూర్చి. ఆ అడవి గాలినుండి ఏమి తీసికొనుచున్నది, గాలికి ఏమి యిచ్చుచున్నది, అను ప్రశ్నను మనుష్యులు ఎట్లు అడుగుచు వచ్చిరో, దానికి లెక్క యెట్లు కట్టిరో, అది చెప్పవలెనని నా తలంపు.

ఈ తీరమున వానలు రెండు విడతలుగా కురియును. అందులో హెచ్చుపాలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు గాలులతో వచ్చునది. తక్కిన నెలలలో పెక్కునాళ్లు ఎండయే. అయినను శ్రీహరికోట యడవి ఆకు రాల్చి మోడుగా నిలువదు. పాల, నేరేడు, అల్లి మొదలగు చెట్లు దట్టమైన చిన్న ఆకులతో వేసవిలో కూడ పచ్చగా నుండును. ఇట్టి అడవిని శాస్త్రజ్ఞులు శుష్క సతత హరితారణ్య మందురు. కోరమండల తీరమున ఇది ఒకప్పుడు విస్తారముగా నుండి, ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మాత్రమే మిగిలియున్నది. ఆ ముక్కలలో శ్రీహరికోట పెద్దది. ఇసుకపొరల క్రింద నిలిచిన తీయని నీటిని వేళ్లతో త్రాగి, ఎండకాలమంతయు ఆకులగుండ ఆవిరిగా విడుచుటయే ఈ చెట్ల బ్రదుకు.

ఈ యడవిలో మొదటినుండి బ్రదికినవారు యానాదులు. తేనె, మైనము, పేము, కుంకుడుకాయలు, సుగంధిపాల వేరు, ముష్టిగింజలు, ఎఱ్ఱరంగు వేయుటకు పనికివచ్చు చిరివేరు - ఇవన్నియు వారి చేతులమీదుగానే బయటికి వచ్చుచుండెను. ఏ వేరు ఏ ఋతువులో త్రవ్వవలెనో, ఏ చెట్టు తొఱ్ఱలో తేనె యుండునో వారికి తెలిసినంత మరి యెవరికిని తెలియదు. 1835లో శ్రీహరికోట కుంపిణీ ప్రభుత్వము చేతికి వచ్చెను. అడవి సరుకులు సేకరించుటకు యానాదులు తప్ప వేరు దిక్కు లేకుండుటచే, ప్రభుత్వమువారు వారిని అచ్చటనే నిలిపి పని చేయించుకొనిరి. వారి మేలుకొరకే ఇట్లు చేసితి మని నాటి కాగితములలో వ్రాసికొనిరి గాని, ఆ మేలులో చెన్నపట్టణపు పొయ్యిలకు కావలసిన వంటచెఱకు పాలు తక్కువది కాదు.

చెన్నపట్టణము పెరిగినకొలది కట్టెల కరవు పెరిగెను. ఇంటింట పొయ్యిలు, ఇటుక ఆవములు, 1856లో రాయపురమునుండి నడువ నారంభించిన పొగబండి - ఇవన్నియు కట్టెనే తినెడివి. కట్టె రావలసిన త్రోవ నీటిత్రోవ. 1806లో బాసిల్ కాక్రేన్ అను దొర పట్టణమునుండి ఎన్నూరు వరకు త్రవ్వించిన ఉప్పునీటి కాలువ క్రమక్రమముగా ఉత్తరమునకు సాగి దుర్గరాజపట్టణము, కృష్ణపట్టణము దాటి పోయినది. 1876-78 నాటి దారుణమైన కరవులో కూలి లేని జనమునకు పని కల్పించుటకై ఈ కాలువపని ముమ్మరముగా నడిపించిరి. నాటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు దానికి నిలిచినది. మొత్తము సుమారు 420 కిలోమీటర్ల కాలువ. కట్టెలు దక్షిణమునకు, తిరుగుప్రయాణమున వేరు సరుకులు ఉత్తరమునకు. లాకుల యొద్ద గుమాస్తాలు వచ్చిన పడవను, పోయిన పడవను, అందలి సరుకును చూచి సుంకము వ్రాసికొనెడివారు. ఆ లాకు గుమాస్తాను శ్రోతలు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను. అతనితో ముందు పని యున్నది.

అడవులు ఇట్లు తరిగిపోవుచుండగా, చెట్లు పోయిన చోట వానలు కూడ పోవునా యను సందేహము పాలకులకు పుట్టెను. 1847లో లండనులోని కుంపిణీ డైరెక్టర్లు, చెట్లకును వానకును గల సంబంధమును విచారింపుడని హిందూదేశమునకు వ్రాసిరి. చెన్నపట్టణమున సైన్యవైద్యుడుగా నుండిన ఎడ్వర్డు బాల్ఫరు అప్పటికే ఈ విషయమున పట్టుదల గలవాడు. 1849లో ఆయన, చెట్లు వానను రప్పించునని, తేమను నిలుపునని వాదించుచు ఒక వ్యాసము ప్రకటించెను. చెన్నపట్టణపు మ్యూజియమును 1851లో స్థాపించిన బాల్ఫరు ఈయనయే. అదే యేట హ్యూ క్లెగ్‌హారన్ మొదలగువారు ఉష్ణదేశపుటడవుల నాశమును గూర్చి బ్రిటీషు సైన్సు సంఘమునకు నివేదిక నిచ్చిరి. 1856లో క్లెగ్‌హారన్‌నే చెన్నరాజధానికి మొదటి అడవుల సంరక్షకునిగా నియమించిరి. ఆ మీదట 1882లో మద్రాసు అడవుల చట్టము వచ్చెను. కంచెలు పడెను, కట్టెమోపునకు రుసుము పడెను. ఊరివారి పశువులు పాత మేతబీళ్లలో దొంగలైనవి. చెట్టును గూర్చిన సిద్ధాంతము పల్లెవాని పొయ్యిదాక వచ్చినదన్నమాట.

మరి ఆ సిద్ధాంతము నిజమా? అప్పటివారి చేతిలో వానకొలత పాత్ర తప్ప వేరు సాధనము లేదు. ప్రభుత్వ వాతావరణశాఖకు తొలి అధిపతియైన హెన్రీ బ్లాన్‌ఫర్డు, మధ్యపరగణాలలో అడవులను కాపాడిన తరువాత వాన కొంత హెచ్చినట్లు కనబడుచున్నదని 1887లో వ్రాసెను. 1910లో గిల్బర్టు వాకరు పాత లెక్కలన్నియు తిరుగవేసి, హిందూదేశపు శీతోష్ణస్థితి స్థిరముగా మారినదనుటకు సాక్ష్యము చాలదని తేల్చెను. ఇద్దరును పెద్దలే, ఇద్దరును అంకెలు చూచినవారే. వాన ఏటేట తనంతట తానే హెచ్చుతగ్గులగుచుండగా, అందులో అడవి పాలెంతయో పాత్రలో పడిన నీటిని చూచి చెప్పుట అసాధ్యము. రావలసిన పాత్రలో కాక, పోవుచున్న చోట కొలువవలెను. అనగా అడవి తలమీద.

చెట్టును తూచుట మాత్రము అంతకు పూర్వమే మొదలైనది. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్సు అను మతగురువు ఒక ప్రొద్దుతిరుగుడు మొక్కను కుండతో సహా త్రాసున నుంచి, పగటివేళ పండ్రెండు గంటలలో అది సుమారు 20 ఔన్సుల నీటిని గాలిలోనికి విడుచుచున్నదని 1727లో ప్రకటించెను. 1771లో జోసెఫ్ ప్రీస్ట్లీ, కొవ్వొత్తి మండి చెడిపోయిన గాలిని పుదీన జాతి మొక్క మరల బాగుచేయుచున్నదని కనిపెట్టెను. 1779లో ఇంగెన్‌హౌజ్, ఆ పని ఎండ తగిలినప్పుడే జరుగునని, చీకటిలో మొక్కయు మనవలెనే గాలిని చెరచునని చూపెను. 1804లో ద సోస్యూర్ లెక్క పూర్తిచేసెను: మొక్క బరువు మట్టినుండి కాదు, ముఖ్యముగా నీటినుండియు, గాలిలోని బొగ్గుపులుసు వాయువునుండియు వచ్చుచున్నది.

దీనినిబట్టి మన కట్టెలను చూడుడు. బాగుగా ఎండిన కట్టె బరువులో దాదాపు సగము కర్బనము. ఒక కిలో యెండుకట్టె యనగా, చెట్టు గాలినుండి పీల్చి గట్టిచేసిన బొగ్గుపులుసు వాయువు సుమారు ఒక కిలో ఎనిమిదివందల గ్రాములు. పొయ్యిలో అది మండినప్పుడు ఆ వాయువు అంతయు తిరిగి గాలిలోనికే పోవును. కాలువమీద పోయిన పడవ కట్టెలను మణుగులలో వ్రాసికొన్న గుమాస్తాలు, తమకు తెలియకుండగనే ఈ తీరపుటడవులకు తొలి కర్బనపు పద్దులు వ్రాసిరి. ఒక లోపము మాత్రము కలదు. అందులో ఖర్చు మాత్రమే యున్నది, జమ లేదు.

జమ కనుగొనుట కష్టమైనది. తోట కొట్టినప్పుడు గదా కట్టె తూగునది! నిలిచియున్న అడవి ఈ దినము, ఈ గంటలో ఎంత పీల్చినదో తెలియవలెనన్న వేరు ఉపాయము కావలెను. ఆ ఉపాయమునకు బీజము 1895లో ఆస్‌బరన్ రెనాల్డ్సు అను ఇంగ్లీషు పండితుని గణితములో నున్నది. దానిని గాలికి అన్వయించి, 1951లో ఆస్ట్రేలియాలో స్వింబాంకు అనునాతడు నేలకును ఆకాశమునకును నడుమ పోవు వేడిని, ఆవిరిని కొలిచి చూపెను. ఆ పద్ధతిని లాకు గుమాస్తా సహాయమున చెప్పెదను.

అడవి తలమీద గాలి చదునుగా పాఱదు. చిన్న చిన్న సుడులుగా పైకి క్రిందికి పొరలుచుండును. ఒక్కొక్క సుడి ఒక్కొక్క పడవ యనుకొనుడు. పగటివేళ ఎండలో ఆకులు బొగ్గుపులుసు వాయువును పీల్చుచుండును గావున, అడవిలోనికి దిగు పడవలలో ఆ సరుకు కొంచెము హెచ్చుగాను, పైకి వచ్చు పడవలలో కొంచెము తక్కువగాను ఉండును. నీటియావిరి సంగతి తలక్రిందు. పైకి వచ్చు పడవలే బరువు. అడవికంటె ఎత్తైన ఒక ఇనుప గోపురము కట్టి, దానిమీద గాలి పైకి పోవుచున్నదో క్రిందికి వచ్చుచున్నదో శబ్దతరంగములచే కనిపెట్టు యంత్రమొకటి, ఆ గాలిలోని బొగ్గుపులుసును ఆవిరిని కంటికి కనబడని వెలుతురుచే కొలుచు యంత్రమొకటి పెట్టుదురు. సెకనుకు పదిసార్లో ఇరువదిసార్లో రెండింటిని చదివి, ప్రతి అరగంటకు ఒకమారు పద్దు మొత్తము కట్టుదురు. వచ్చినదానిలో పోయినది తీసివేయగా మిగిలినదే అడవి రాబడి.

చెప్పుటకు తేలికగా నున్నది గాని గుమాస్తాకు నిద్ర వచ్చు వేళ కలదు. రాత్రి గాలి స్తంభించినప్పుడు సుడులుండవు. చెట్లు, నేల విడుచు వాయువు లాకు దారిని రాక, పల్లమువైపు నేల వెంట జారిపోవును. యంత్రము సున్న చూపును; అడవి మాత్రము విడుచుచునే యుండును. సముద్రతీరమున మధ్యాహ్నపు సముద్రపుగాలి, రాత్రి నేలగాలి తిరుగుడుపడుచుండుటచే, ఈ చిక్కు ఇంకను హెచ్చు. కావున ఇట్టి గంటల పద్దును తీసివేసి, ఉష్ణమునుబట్టి అంచనా కట్టి పూరించుట వాడుక. ఏ లెక్కలో నైనను ఇట్టి పూరకము ఎంత యున్నదో అడిగి తెలిసికొనుట మంచిది.

ఈ గోపురపు లెక్కలకు పేరుమోసినవి ఉత్తరధ్రువమునకు దిగువనున్న చలిసీమల అడవులు. కెనడా, రష్యా, ఫిన్లాండు దేశములలో దేవదారు చుట్టములైన సూదియాకు చెట్లు లక్షల చదరపుమైళ్ల నావరించియున్నవి. ఫిన్లాండులో హ్యూటియాలా అను చోట, 1962లో వేసిన పైను తోటలో హెల్సింకి విశ్వవిద్యాలయమువారు 1990ల నడుమనుండి ఎడతెగక కొలుచుచున్నారు. కెనడాలోని మానిటోబాలో 1994లో ఒక పాత స్ప్రూసు అడవిమీద గోపుర మెత్తి కొలువగా, ఎవరు ననుకొనని సంగతి బయటపడినది. నూరేండ్లు దాటిన ఆ యడవిలో చెట్లు పెరుగుచునే యున్నను, వెచ్చని యేళ్లలో అడుగున గడ్డకట్టియున్న నేల లోతుగా కరగి, తరతరములుగా దాచిన కర్బనమును విడుచుటచే, మొత్తముమీద అడవి స్వల్పముగా నష్టపడుచున్నట్లు 1998లో ప్రకటించిరి. పచ్చగా నున్నంతమాత్రమున అడవి జమలో నున్నట్లు కాదని పద్దు చూచిన తరువాతనే తెలిసినది.

మన తీరపు సంగతి వేరు. చలిసీమలో రాలిన ఆకు ఏండ్లతరబడి కుళ్లక నేలలో నిలువయగును. అక్కడి కర్బనపు ధనములో హెచ్చుపాలు మట్టిలోనిదే. ఇక్కడి వేడికి రాలిన ఆకు త్వరగా చివికి గాలిలో కలిసిపోవును. ఇసుకలో నిలుచునది కొంచెమే. మన అడవి తన ధనమును ముఖ్యముగా బోదెలోను, కొమ్మలోను, వేళ్లలోను దాచుకొనును. అందుచేత చెట్టు కొట్టుట యనగా పెట్టె పగులగొట్టుట వంటిది.

మన దేశములో ఇట్టి గోపురములు ఆలస్యముగా వచ్చినవి. ఇస్రో సంస్థ నడిపిన జాతీయ కర్బన పథకము క్రింద, హైదరాబాదులోని జాతీయ సుదూర గ్రాహక కేంద్రము మొదలగువారు మధ్యప్రదేశమున బేతూలు టేకుటడవిలోను, వంగదేశమున సుందరవనములలోను గోపురము లెత్తి కొలిచిరి. మనకు దక్షిణమున తమిళనాట పిచ్చవరము మడ అడవిలో కూడ ఇట్టి కొలత జరిగినది. నెల్లూరు రైతునకు అక్కరగు ప్రశ్న మాత్రము మడయడవిది కాదు, సరుగుడు తోటది.

సరుగుడు ఇక్కడి చెట్టు కాదు. తూర్పు దీవులనుండి, ఆస్ట్రేలియా తీరమునుండి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధమున కట్టెలకరవు తీర్చుటకై చెన్నరాజధాని తీరమంతట నాటించిరి. ఒట్టి ఇసుకలో పెరుగును. వేళ్లలో చేరిన సూక్ష్మజీవుల సాయమున గాలిలోని నత్రజనిని తానే తెచ్చుకొనును. నాలుగైదేండ్లకు కోతకు వచ్చును. ఉప్పుగాలికి తాళును, ఎగిరిపడు ఇసుకను ఆపును. 1989 నవంబరులో కావలి ప్రాంతమును కొట్టిన పెనుతుపానును చూచినవారికి, తీరమున చెట్టుతెర యుండుట ఊరికెంత కావలసినదో చెప్పనక్కరలేదు. అయితే వేగముగా పెరుగు చెట్టు నీటిని కూడ వేగముగా త్రాగును. పచ్చికబీటికంటెను పొదలకంటెను తోపు హెచ్చు నీటిని ఆవిరిచేయుననుట అనేక దేశములలో నిలుకడగా తేలిన సంగతి. మన ఇసుకనేలలలో దొరువు త్రవ్వి తేర్చుకొను తీయని నీరు, అడుగున నున్న ఉప్పునీటిమీద పలుచని పొరగా తేలుచున్నట్టిది. పైపొర తగ్గినచో ఉప్పు పైకి లేచును. కావున దొరువు చుట్టును తోపు వేయుటకు ముందు నీటి పద్దు చూడవలెననుట నా యభిప్రాయము. బాల్ఫరుగారి వాదములో సగము నిజమే: చెట్టు గాలికి తేమ నిచ్చును. ఆ తేమ తిరిగి మన పొలముమీదనే వానగా పడుననుటకు మాత్రము ఆధారము లేదు. ఈ తీరపు వాన ముఖ్యముగా సముద్రపు వాయుగుండములు తెచ్చునది.

ఇక బొగ్గుపులుసు సంగతి. 1958లో చార్లెసు కీలింగు హవాయి దీవిలోని మౌనాలోవా కొండమీద కొలువ మొదలుపెట్టినప్పుడు గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లుండిన ఈ వాయువు, 2024 నాటికి 420 దాటినది. కారణము కట్టె కంటె ముఖ్యముగా నేలబొగ్గు, నేలనూనె. కృష్ణపట్టణము దగ్గరి దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రమున ఒక్కొక్క యంత్రము 800 మెగావాట్లది. బొగ్గుతో ఒక యూనిట్టు విద్యుత్తు పుట్టుటకు సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడునని ముతకలెక్క వేయుదము. ఒక యంత్రము ఒక దినము నిండుబలముతో నడిచినచో 1 కోటి 92 లక్షల యూనిట్లు, అనగా రమారమి 19,000 టన్నుల వాయువు. మంచి సరుగుడు తోట హెక్టారుకు ఏటికి 30 టన్నులు పీల్చునని ఉదారముగా ఒప్పుకొన్నను, ఆ ఒక్కదినపు పొగకు 630 హెక్టార్లు, అనగా సుమారు 1,550 ఎకరముల తోట సంవత్సరమంతయు పనిచేయవలెను. ఆ తోటను అయిదవయేట కొట్టి వంటచెఱకుగా కాల్చినచో జమ యంతయు కొట్టివేతయగును. పరంజాకో ఇంటిదూలమునకో వాడినచో కొంతకాలము నిలుచును. చెట్లు నాటిన నెల్లయు సరిపోవునని చెప్పువారియెదుట ఈ అంకెలు పెట్టి మాటాడవలెను.

కాలువలో పడవలు ఇరువదవ శతాబ్ది ద్వితీయార్ధమున క్రమముగా ఆగిపోయినవి. తుపానులకు గట్లు తెగినవి, రైలును రోడ్డును పోటీ వచ్చినవి. శ్రీహరికోట వంతు మరియొక మార్పు. 1969లో ప్రభుత్వము ఈ దీవిని రాకెట్ల కేంద్రమునకు ఎన్నుకొన్నది. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న రాకెట్టు మొదటిసారి ఎగిరినది. దీవిలోని పల్లెలను ఖాళీచేయించిరి. యానాదులు తరతరముల తేనెచెట్లను విడిచి బయటికి రావలసివచ్చినది. వారు పోయిన తరువాత కంచె లోపల అడవి గొడ్డలి పోటు తప్పించుకొని నిలిచినది. అడవికి లాభమైన దానికి వెల చెల్లించినవారు అడవిని పాడుచేసినవారు కారు. చరిత్రలో ఈ పద్దు కూడ వ్రాసి యుంచవలెను.

ఆ కంచె లోపలినుండియే నేడు లోకపుటడవులను తూచు సాధనములు పైకి పోవుచున్నవి. పంటలను, అడవులను చూచు రిసోర్సుశాటు ఉపగ్రహములు 2003లోను, 2011లోను, 2016లోను ఇక్కడినుండియే లేచినవి. 2025 జూలై 30వ తేదీ సాయంకాలము ఇస్రోయు, అమెరికాలోని నాసాయు కలిసి చేసిన నిసార్ అను ఉపగ్రహము శ్రీహరికోటనుండి ఎగిరినది. సుమారు 747 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు, పండ్రెండు దినముల కొకమారు అదే చోటిని మరల చూచునట్లు దానిని ఏర్పరచిరి. వెలుతురుతో గాక రేడియో తరంగములతో చూచుటచే దానికి మబ్బు అడ్డము గాదు, రాత్రి అడ్డము గాదు. పొడవైన తరంగము ఆకుల నడుమనుండి దూరి బోదెను, పెద్దకొమ్మలను తాకి తిరిగి వచ్చును; వచ్చిన తరంగపు బలమునుబట్టి ఎకరమునకు ఎంత కట్టె నిలిచియున్నదో అంచనా కట్టుదురు. ఫిన్లాండు పైనులను, మానిటోబా స్ప్రూసులను, తాను లేచివచ్చిన పాలచెట్లను, నేరేళ్లను అది ఒక్క త్రాసుననే తూచును.

అయితే ఆకాశపు త్రాసునకు నేలమీది రాళ్లు కావలెను. తరంగము చెప్పినది నిజమో కాదో సరిచూచుటకు ఎవరో ఒకరు అడవిలోనికి పోయి, నేలనుండి నాలుగడుగుల ఆరంగుళముల యెత్తున ఒక్కొక్క చెట్టు చుట్టుకొలతను టేపుతో కొలిచి పుస్తకములో వ్రాసికొనవలెను. నూటయేబది యేండ్ల క్రిందట అడవుల ఉద్యోగులు చేసిన పనియు అదియే.